నాలుగో గేరు కోసం

ఆర్ని కారు పగలు మహా బుద్ధిమంతురాలు.
రాత్రయితేనే పేచీ.
ఉక్కు కర్మాగారంలో షిఫ్టు దిగి
నది పక్క రోడ్డెక్కి
మూడో గేరులో కాలు పూర్తిగా అదిమితే
నాలుగు వేల దగ్గర
ఠక్.
మాట మధ్యలో ఎవరో నోరు మూసినట్టు
పెట్రోలు ఆగిపోతుంది.
తల ముందుకి, కాఫీ ఒళ్లోకి.

"రైజా, దీనికో డబ్బా దొరుకుతుందట" అన్నాడు.
అగ్గిపెట్టెంత. పంతొమ్మిది యూరోలు.
సెన్సరు ఎంత మొత్తుకున్నా
కంప్యూటరుకి "ఇక్కడందరం క్షేమం" అని
ఉత్తరం రాసిపెట్టే డబ్బా.

కిటికీ గట్టు మీది పిస్టన్ తీసి
వాడి చేతిలో పెట్టాను.
నడినెత్తిన చిల్లు, చిటికెన వేలు పట్టేంత.
అంచులు కరిగి, కారి, మైనంలా పేరుకున్నాయి.
"ఎవరి బండిది?"
"నాదే. తొంభై ఆరులో.
అప్పుడింకా డబ్బాల్లేవు,
బియ్యపుగింజంత డయోడు పెట్టి
అబద్ధం నేనే అతికించాను."
గాలి బండెడు, పెట్రోలు గుప్పెడు.
కడుపు కాలిన మంట
కంచాన్నే తినేసింది.

వాడు చిల్లులోంచి నదిని చూశాడు.
అవతలి ఒడ్డున స్వీడన్ దీపాలు.
పిస్టన్ తిరిగి ఇచ్చేశాడు, ఏమీ అనలేదు.
ఇరవై రెండేళ్ల వాడికి
ఇంకొకరి చిల్లు ఎంతవరకు కనిపిస్తుంది?

ఈ కారుకి పుట్టుకతో వచ్చిన టర్బో చిన్నది.
ఇప్పుడున్నది హపరండా తుక్కు యార్డులో
వేరే బండి రొమ్ములోంచి పీకి తెచ్చింది.
అత్తారింట్లో ఇంకా ఏ గిన్నె ఎక్కడుందో తెలియనిది.
మూడుసార్లు షెడ్డులోకి తెచ్చాం.
మీటరు తగిలించి మూడుసార్లు రోడ్డు మీద తిప్పాం.
మూడుసార్లూ నిక్షేపం.
"దెయ్యం" అన్నాడు టౌనో, కాఫీ ఊదుకుంటూ.
దెయ్యమైతే నా ముందు సిగ్గుపడదు కదా
అనుకున్నాను గానీ
నాకూ వేరే మాట తోచలేదు.

ఆ రాత్రి పడుకోబోతూ మేజోళ్లు పొయ్యి మీద ఆరేశాను.
గడ్డకట్టిన మేజోడు
మెల్లగా మెత్తబడి చుక్కలు కార్చింది.
అట్లాగే నిలబడిపోయాను.

కారుని ఆరుబయటే వదిలెయ్యమన్నాను.
మైనస్ ఇరవై ఏడు.
తెల్లారి ఐదింటికి లాంతరు పట్టుకుని
బానెట్ ఎత్తి, టర్బో నుంచి వేస్ట్‌గేటు దాకా వెళ్లే
సన్న రబ్బరు గొట్టం ఊడబీకి
నోట పెట్టుకుని ఊదాను.
నా ఊపిరి నాకే తిరిగొచ్చింది.

కత్తితో చీలిస్తే
పెసరగింజంత ఐసు.
బంపరు వెనక, ఈదురుగాలికి ఎదురుగా
ఉయ్యాలలా వేలాడిన గొట్టం,
ఆ పల్లంలో ఒక్క చుక్క నీరు.
గేటు తెరవమనే కబురు ఆ దారినే వెళ్లాలి.
కబురు దారిలో గడ్డకట్టింది.
గేటు తెరుచుకోలేదు, టర్బో ఆగలేదు,
గాలి మీద గాలి, గాలి మీద గాలి,
చివరికి ఇంజనే
ఇక చాలు అని అన్నం ముద్ద పక్కన పెట్టింది.
మేమేమో ప్రతిసారీ వెచ్చటి షెడ్డులోకి తెచ్చి
సాక్ష్యాన్ని కరిగించి
తర్వాత విచారణ మొదలుపెట్టాం.

కొత్త గొట్టం, సగం పొడవు,
నీరు నిలవకుండా వాలుగా.
రెండు యూరోల నలభై సెంట్లు.
"ఇంతేనా?" అన్నాడు ఆర్ని,
ఏదో పోగొట్టుకున్న వాడిలా.
వాడి చొక్కా జేబులోంచి
అగ్గిపెట్టెంత డబ్బా మూల కనిపిస్తోంది,
సీలు ఇంకా తియ్యలేదు.
నేనడగలేదు.

ఇప్పుడు వాడి షిఫ్టు అయిపోయే వేళ.
దీపం ఆర్పి, కిటికీ ఓ జానెడు తెరిచి పడుకున్నాను.
చలి చెంపమీద కూర్చుంది.
వంతెన మీద వస్తున్నాడు.
రెండో గేరు.
ఈల లేస్తోంది, పలచగా.
మూడు.
నాలుగు వేలు దాటుతుందా,
పళ్లు బిగించి
వింటున్నాను.